ఆ చేతికి దండం

దండం పెట్టాలంటే ముందు రెండు చేతులు కావాలి. ఇవాళ నా రెండు చేతులనూ నీ కుడిచేతి కోసం జోడిస్తున్నాను బిడ్డా. మిర్యాలగూడ అవతల, సాగర్ ఎడమకాలువ కింద ఉన్న మన ఊరి బడిలో ఒకటో తరగతి చదివిన చేతికి దండం. ఇప్పుడు హైదరాబాదులో సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న చేతికి దండం. ఆ రెంటి నడుమ సుద్దనూ సిరానూ బురదనూ గ్రీజునూ సిమెంటునూ పూసుకుని, ఒకప్పుడు బొబ్బలెక్కి, ఒకప్పుడు వణికి, పట్టిన పని మాత్రం విడవని చేతికి దండం.

చదువు తలకెక్కాలంటారు. తలకే ఎక్కనీ, ఎక్కే దారి మాత్రం చెయ్యే. పిల్లలకు పలక పట్టించడంలోనే వయసంతా గడిపినదాన్ని, కళ్లారా చూసిన సంగతి చెబుతున్నాను. ముందు వేలు కదులుతుంది. వేలి వెంట కన్ను పోతుంది. కన్ను పోయిన చోటికి నోరు పోతుంది. అన్నీ అయ్యాక బుద్ధి తీరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఇంజనీరింగ్ దాకా పోయినా ఈ వరస మారలేదని నువ్వే నాకు చూపించావు. అందుకే నీ మార్కుల ఊసు ఎత్తను, నీ ర్యాంకు ఊసు ఎత్తను. నేను పొగడదలచుకున్నది నీ చేతిని.

కలిగినవాళ్లు పిల్లలను బాసర తీసుకుపోతారు. గోదావరి ఒడ్డున చదువుల తల్లి సన్నిధిలో ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాభ్యాసం చేయిస్తారు. అంత దూరం పోయి వచ్చే వీలు లేని మీ అమ్మా నాయినా నిన్ను జూన్ నెల బడిబాట రోజుల్లో మన బడి వరండాకే పట్టుకొచ్చారు. వరసగా పిల్లలు, పిల్లల ముందు పళ్లేలు, పళ్లేల్లో బియ్యం, బియ్యం మీద చిటికెడు పసుపు. నీ చూపుడువేలు నా వేళ్ల నడుమ పెట్టుకుని 'అ' దిద్దించాను. గింజలు రెండు పక్కలకూ ఒరిగి, నడుమ పళ్లెం అడుగు తళుక్కుమంది. ఆ బియ్యం ఎక్కడివో నాకు తెలుసు. అంతకు ముందు యాసంగిలో మీ అమ్మ కూలికి పోయి నాటేసిన పొలంలోవి. ఆమె వేళ్లు బురదలో గుచ్చిన మొక్క గింజలై ఇంటికొస్తే, ఆ గింజల మీద నీ వేలు అక్షరం దిద్దింది. చదువుకు ఇంతకంటే మంచి పీట నాకు తెలియదు.

ఆ తర్వాత పలక. మార్కాపురం నేలలోంచి పొరలు పొరలుగా తీసిన నల్లరాయి. ఉలితో ఆ పొరలు విడదీసినవాళ్లు, నున్నగా చేసినవాళ్లు, చుట్టూ చెక్క చట్రం బిగించినవాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లల్లో ఎందరి ఒళ్లోకి ఒక పలక చేరిందోనన్న తలపు కొత్త పలకలు పంచేటప్పుడల్లా నాకు కలుగుతుంది. నువ్వు మొదట్లో బలపాన్ని కొడవలి పిడిలా గుప్పిట బిగించి పట్టేదానివి. మూడు వేళ్ల పట్టు రావడానికి దసరా దాటింది. సగం బలపం రాతకు పోతే సగం నోట్లోకి పోయేది. తుడవడానికి తడిగుడ్డ ఇస్తే వద్దని, కంచె మీది కోవాకు తెంపి రుద్దేదానివి. పలక నిగనిగలాడేది, నీ అరచెయ్యి పచ్చగా అయ్యేది.

తెలుగు రాయడం నేర్చుకున్న వేలికి లోకంలో ఏ వంపూ కొత్త కాదు. తలకట్టు పెట్టాలి, సుడి తిప్పాలి, కొమ్ము లాగాలి, ఒత్తును కింద ఒద్దికగా కూర్చోబెట్టాలి. అచ్చులు, హల్లులు, ఒక్కో హల్లుకూ బారెడు గుణింతం. దీర్ఘం ఎక్కువ సాగినా తప్పే, కురచబడినా తప్పే. 'ఘ' రాయలేక నువ్వు ఏడ్చిన రోజు నాకు గుర్తుంది. ఏడుస్తూనే పలక నిండా 'ఘ'లు రాశావు. మొన్నామధ్య సెలవులకు వచ్చినప్పుడు డ్రాయింగు షీటు మీద నువ్వు గీసిన పారాబోలా చూపించావు. చుక్క చుక్కా కలుపుతూ పోయిన ఆ గీత ఎక్కడా తెగలేదు, ఎక్కడా తడబడలేదు. మీ ప్రొఫెసర్లు నేర్పారని నువ్వన్నావు. వాళ్లకు నా నమస్కారం. కానీ బిడ్డా, ఆ గీతకు సాధన గుణింతంలోనే మొదలైంది.

లెక్కలకూ వేళ్లే మొదటి పుస్తకం. వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్లకు పన్నెండు. బొటనవేలు వాటి మీద నడుచుకుంటూ లెక్కపెడుతుంది. మీ నాయినమ్మ పాలలెక్క, కూలిలెక్క, వడ్డీలెక్క అన్నీ ఆ కణుపుల మీదే తేల్చేది. కాగితం దగ్గరికొచ్చేసరికి అదే బొటనవేలుతో ముద్ర వేసేది. అంత లెక్క తెలిసిన వేలికి లోకం ఇచ్చిన పని ముద్ర వేయడమేనా అని నాకు ఇప్పటికీ కడుపులో మండుతుంది. ఆమె పక్కన కూర్చుని నువ్వు ఎక్కాలు వల్లించేదానివి. పన్నెండో ఎక్కం పిల్లలందరికీ కష్టం, నీకు మాత్రం అరచేతిలోనే ఉండేది. నాయినమ్మ కణుపులు లెక్కబెడుతుంటే నువ్వు గుణించి ముందే చెప్పేదానివి. ఆమె ఆఖరి కణుపు దాకా వచ్చి, సరిపోయిందని తల ఊపేది. ఆ ఇంట్లో చదివినవాళ్లు లేరన్న మాట నేను ఒప్పుకోను.

మధ్యాహ్నం గంట కొడితే బోరింగు దగ్గర బారు. ఒకరు కొడుతుంటే ఒకరు చేతులు కడుక్కోవాలి. మన రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న 2003లో బడిలోనే వండి పెట్టడం మొదలైంది. అంతకు ముందు మధ్యాహ్నం ఇంటికి పోయిన పిల్లల్లో కొందరు ఇక ఆ పూట తిరిగొచ్చేవాళ్లు కాదు. ఇంట్లో తినడానికి ఏమీ లేనప్పుడు ఏ మొహంతో వస్తారు? అన్నం మొదలయ్యాక వాళ్లు ఉండిపోయారు. పొగలో కళ్లు తుడుచుకుంటూ అంత అన్నం వార్చిన వంటక్కల చేతులకు కూడా ఈ దండంలో వాటా ఉంది. గుడ్డు పెట్టిన రోజు నువ్వు తెల్లసొన తిని, పచ్చసొనను చివరి ముద్ద దాకా దాచుకునేదానివి.

సెలవులొస్తే ఆ చెయ్యి పొలానికి పోయేది. పత్తి ఏరింది, మిరపకాయ కోసింది, నాటేసింది. ఎడమచేతిలో నారు కట్ట, కుడిచేతిలో రెండు మూడు పోచలు, నడుం వంచి బురదలోకి బొటనవేలితో ఒక అదుము, ఒక అడుగు వెనక్కి, మళ్లీ అదుము. వంచిన నడుం లేవకూడదు, పాట ఆగకూడదు. మీ అమ్మ నిన్ను గట్టు మీదికి పొమ్మనేది.

"సదువుకునే పిల్లవు, నీకెందుకే ఈ బురద?"

"ఊకో అమ్మా. పెన్ను పట్టే చెయ్యి నారు పట్టదా?"

గట్టు మీదినుంచి ఈ మాట విన్నాను. పిల్లలు పనికి పోవడం నాకు ఇష్టమని కాదు. బడి మానిపించి పొలానికి పంపిన తల్లిదండ్రుల ఇళ్లకు పోయి కొట్లాడినదాన్ని నేను. కానీ బడి మానకుండా, అమ్మ పక్కన ఒక పూట వంగిన పిల్ల చేతికి మట్టి ఏం చెప్పిందో ఆ చేతికే తెలుసు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఆ మడిలోకి నీళ్లెట్లా వస్తున్నాయో చూపించాలని హైస్కూలు వాళ్లు ఎనిమిదో తరగతి పిల్లలను నాగార్జునసాగర్ తీసుకుపోయారు. తోడుగా నేనూ వచ్చాను. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ఈ దేశంలో సిమెంటు కరువు, ఇనుము కరువు, పెద్ద యంత్రాలు మరీ కరువు. కరువు లేనివి రెండే: రాయి, చేతులు. అందుకే ఆ డ్యామును రాతితో కట్టారు. పాలమూరు నుంచి, ఇటు నుంచి, అటు నుంచి వచ్చిన కూలీలు వేలకు వేలు. వడ్డెర చేతులు రాయి కొట్టాయి, ఆడవాళ్ల తలలు తట్టలు మోశాయి, కావళ్ల మీద బండలు పైకెక్కాయి. కొందరు అక్కడే ప్రాణాలు వదిలారు. పునాది నుంచి 124 మీటర్లు లేచింది గోడ. రాతి డ్యాముల్లో లోకంలోనే పెద్దదన్న పేరొచ్చింది. 26 గేట్లు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలిన నాటి నుంచి ఎడమ పక్కన పారేదే మన లాల్ బహదూర్ కాలువ.

ఆ డ్యాము రూపకల్పనలో ముందు నిలిచిన కానూరి లక్ష్మణరావు కృష్ణా జిల్లా కంకిపాడులో 1902లో పుట్టారు. బడికి పోయే వయసులోనే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. మిగిలిన ఒక్క కంటితో అంత నదిని కొలిచారు. ఈ సంగతి మీకు చెబుతుంటే నువ్వు వినడం లేదనుకున్నాను. గోడ దగ్గరికి పోయి, అరచెయ్యి మొత్తం ఆనించి, రాయికీ రాయికీ నడుమ అతుకును వేలితో తడుముతున్నావు.

"ఇవన్ని మనుషులే మోసిన్రా టీచర్?"

"మనుషులే బిడ్డా."

ఇంకేం అడగలేదు. బస్సెక్కేదాకా ఆ అరచేతిని మూసే ఉంచావు. నీకు ఇంజనీరింగ్ సీటు వచ్చింది ఆ రోజేనని నా లెక్క. కౌన్సెలింగ్ వాళ్లు చెప్పింది ఆ తర్వాత చాన్నాళ్లకు.

పదో తరగతికి వచ్చేసరికి చేతిలోకి రేకు పెట్టె వచ్చింది. వృత్తలేఖిని, కోణమాని, రెండు మూలమట్టాలు, విభాగిని. వృత్తానికి బయటి బిందువు నుంచి స్పర్శరేఖలు గీయడం, ఇచ్చిన త్రిభుజానికి సరూప త్రిభుజం నిర్మించడం. ఎత్తులు, దూరాల పాఠం వచ్చినప్పుడు మీ లెక్కల సారు పుస్తకం మూసి మిమ్మల్ని బయటికి తీసుకుపోయారట, ఆయనకు వేయి దండాలు. కోణమానికి దారం కట్టి, దారానికి రాయి వేలాడదీసి, అంచు వెంట నీళ్ల ట్యాంకు కొసను చూస్తూ వెనక్కి నడిచావు. కోణం సరిగ్గా 45 డిగ్రీలయిన చోట ఆగావు. అక్కడి నుంచి ట్యాంకు మొదలుకు ఎంత దూరమో అంత ఎత్తు, దానికి నీ కంటి ఎత్తు కలుపుకోవాలి. ఎక్కకుండానే ట్యాంకు ఎత్తు తెలిసింది. ఆ సాయంత్రం ఊళ్లో ఉన్న ప్రతి నిలువునూ కొలిచావు. తాటిచెట్టు, సెల్ టవరు, గుడి ధ్వజస్తంభం.

గురుకుల కాలేజీలో ఇంటర్ రెండేళ్ల గురించి ఎక్కువ చెప్పను. తెల్లారకముందే గంట, రాత్రి పదింటి దాకా స్టడీ, ట్రంకు పెట్టె మీద పుస్తకం, ఎంపీసీ. దేశం మెచ్చే పిల్లలను తయారుచేస్తున్నామని చెప్పుకునే ఆ రెండేళ్ల చదువు చేతికి పెన్ను తప్ప మరో వస్తువు ఇవ్వదు. ప్రైవేటు హాస్టళ్లలో మరీ. ప్రయోగశాలకు తాళం, ఆటస్థలం లేదు, అమ్మతో మాట్లాడటానికి ఆదివారం. ఆ ఒత్తిడికి తాళలేక రాలిపోయిన పిల్లల వార్తలు పేపర్లో వచ్చినప్పుడల్లా బలపం పట్టించిన నా చేతులు వణుకుతాయి. ఏ చదువైనా ఒక పిల్ల ప్రాణం కంటే పెద్దది కాదని ప్రతి ఇంటి తలుపూ తట్టి చెప్పాలనిపిస్తుంది. నువ్వు నిలబడ్డావు. నీతోపాటు నిలబడినవాళ్లందరికీ, నిలబడలేక ఇంటికొచ్చి వేరే దారి వెతుక్కున్నవాళ్లకూ ఒకే దండం.

పేరు మారినా ఊరంతా ఇప్పటికీ ఎంసెట్ అనే పిలిచే ఆ పరీక్ష. మూడు గంటలు, 160 ప్రశ్నలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొన్ని క్షణాలు. అంతా కంప్యూటరు మీదే. కొడవలి, బలపం, వృత్తలేఖిని అన్నీ పట్టిన చేతికి మౌసు మాత్రం అలవాటు లేదు. మిర్యాలగూడలో ఒక నెట్ సెంటరాయన పరీక్షకు ముందు కొన్నాళ్లు సాయంత్రాలు ఉచితంగా కూర్చోబెట్టాడు. ఆయన చెయ్యీ నీ చేతిలో ఉంది.

సీటు సంగతి వచ్చేసరికి ఊరంతా ఒక్క మాటే. సీఎస్‌ఈ పెట్టు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం వస్తుంది, అమెరికా పోతావు. తప్పేమీ లేదు. ఆ దారిన పోయి మట్టి ఇంటి స్థానంలో డాబా లేపిన పిల్లలు మన ఊళ్లోనే ఉన్నారు, వాళ్ల చేతులూ చేతులే. నువ్వు మాత్రం వెబ్ ఆప్షన్లలో మొదటి వరసలో సివిల్ పెట్టావు. మీ నాయిన భయపడి నా దగ్గరికొచ్చాడు. "ఎండల నిలబడే పనట గద టీచర్, ఆడపిల్ల..." అన్నాడు. మీ ఇంట్లో ఆడవాళ్లు నీడలో నిలబడింది ఎప్పుడని అడిగాను. ఆయన నవ్వాడు, సంతకం పెట్టాడు.

నీకు సీటొచ్చిన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. ఆ విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు ఇంజనీరింగును కూడా ఉర్దూలో బోధించారు. తెలుగు మీడియంలో చదివొచ్చి, మొదటి నెలంతా ఇంగ్లీషు క్లాసుల్లో బిక్కమొహం వేసుకుని కూర్చున్న నీకు ఈ సంగతి చెప్పినప్పుడు కొంచెం ఊపిరొచ్చింది. ఆ నెలలో నిన్ను కాపాడింది డ్రాయింగు బల్ల. బోర్డు మీద షీటు పరిచి, నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి, డ్రాఫ్టరు బిగించి, పెన్సిలు ముల్లు చెక్కాక అక్కడ ఏ భాషా లేదు. ఒక వస్తువును ముందు నుంచి చూస్తే ఎట్లా ఉంటుంది, పైనుంచి చూస్తే ఎట్లా ఉంటుంది, నిలువునా కోస్తే లోపల ఏముంటుంది. కనబడే అంచుకు నిండు గీత, కనబడని అంచుకు తెగిన గీత, నడిమధ్యకు పొడుగూ పొట్టీ గీత. క్లాసులో గలగలా ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు నీ షీటు చూడటానికి నీ బల్ల దగ్గరికొచ్చారు. గీత అడిగి వాళ్లు నేర్చుకున్నారు, మాట అడిగి నువ్వు నేర్చుకున్నావు.

తర్వాత వర్క్‌షాపు. ఆకురాయి పట్టి ఇనుప ముక్క అంచును చదును చేయడం, హాక్సాతో కోసి ఒక ముక్కలో వి ఆకారం గాడి, రెండో ముక్కలో దానికి సరిపడే మొన తీయడం. రెండూ కలిపి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే సందులోంచి వెలుగు రాకూడదు. కొయ్య పనిలో బాడిశ, చిత్రిక, ఉలి. ఒక బల్బును మెట్ల కిందినుంచీ పైనుంచీ కూడా ఆర్పేటట్టు రెండు స్విచ్చులతో వైరింగు. మొదటివారానికే అరచేతిలో బొబ్బలు. ఫోను చేసి చెప్పావు. బాధ చెప్పుకోవడానికి అనుకున్నాను, కానీ నువ్వు అడిగింది వేరే. మన ఊరి వడ్ల తాత నాగలి చేసేటప్పుడు కొలబద్ద లేకుండా గాడి, కుసి సరిగ్గా ఎట్లా కుదిరేవని అడిగావు.

ఆ ప్రశ్నకు నాకు ఒళ్లు పులకరించింది. బండి చక్రానికి ఇనుప పట్టీ ఎక్కించడం చూశావుగా. పట్టీని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది సాగిన క్షణంలో కొయ్యచక్రానికి తొడిగి, నీళ్లు పోస్తే బిర్రున బిగుసుకుంటుంది. వేడికి లోహం సాగుతుందన్న సూత్రాన్ని మన కమ్మరి కొలిమి దగ్గర ఏ పుస్తకమూ లేకుండా పాటించాడు. ఆ సూత్రానికి గుణకం ఉందని, దాన్ని లెక్కగట్టవచ్చని నువ్వు చదివావు. వాళ్ల చేతుల్లో ఉన్నదే నీ నోటుపుస్తకంలోకి వచ్చింది. వాళ్ల మనవలకు కూడా ఆ నోటుపుస్తకం అందేదాకా నా పని మిగిలే ఉంది.

వర్క్‌షాపులో సుత్తె ఎత్తిన ఆడపిల్లలను చూసినప్పుడల్లా అయ్యలసోమయాజుల లలిత గుర్తుకొస్తుంది. 1919లో తెలుగింట పుట్టిన పిల్ల. పదిహేనో ఏట పెళ్లి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, ఒళ్లో నెలల పాప. ఆ రోజుల్లో ఆ వయసు వితంతువుకు ఇల్లు ఏం మిగిల్చేదో చెప్పనక్కరలేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. కూతురి కోసం కాలేజీతో మాట్లాడాడు. 1940లో చేరింది, 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటికొచ్చింది. మన దేశపు మొదటి మహిళా ఇంజనీరుగా పేరు నిలిచింది. తర్వాత భాక్రానంగల్ పనుల్లోనూ ఆమె పాలుంది. పాపను పెంచుతూ, బొమ్మలు గీస్తూ, లెక్కలు కడుతూ, ఒక్క చేత్తో రెండు బతుకులు లాగింది ఆ తల్లి. నీ హాస్టలు గదిలో గోడకు ఆమె ఫోటో అంటించావని విన్నాను. మంచి పని చేశావు.

రెండో సంవత్సరంలో సర్వేయింగ్. గొలుసు పరచడం, లెవెల్‌ను మూడు కాళ్ల మీద నిలబెట్టి బుడగను నడిమధ్యకు తేవడం, దూరాన స్టాఫు మీది అంకె చదివి ఫీల్డ్ బుక్కులో రాయడం. కాంక్రీటు ల్యాబులో 150 మిల్లీమీటర్ల ఘనపు అచ్చులు. మూడు పొరలుగా నింపి, పొర పొరకూ 35 పోట్లు కడ్డీతో చేత్తోనే పొడవాలి. ఒక రోజు ఆగి అచ్చు విప్పి నీళ్లలో వేయాలి. 28 రోజులకు తీసి, యంత్రం కింద పెట్టి పగిలేదాకా నొక్కాలి. ఎంత బరువుకు పగిలిందో దాన్నిబట్టి దాని సత్తువ లెక్కగడతారు. నీ ఘనాల మీద తారీకుతో పాటు పేరు పొట్టి అక్షరాల్లో రాశావట, తెలుగులో.

ఇక సాయిల్ ల్యాబు. దీని కోసమే ఇంత దూరం వచ్చాను.

మట్టి ఎంత తడిలో ముద్దలా ఉంటుంది, ఎంత తడి తగ్గితే పొడిబారి చితుకుతుంది? ఈ హద్దు తెలియకుండా ఇంజనీరు పునాది వేయలేడు, కట్ట పోయలేడు. ఆల్బర్ట్ ఆటర్‌బర్గ్ అనే స్వీడన్ దేశస్థుడు 1911లో ఈ హద్దులను నిర్వచించాడు. ఆయన పని చేసింది భవనాల కోసం కాదు, సాగు నేలల కోసం. అంటే రైతుల మట్టి కోసం కనిపెట్టినదాన్ని ఇంజనీర్లు తర్వాత తమ పనికి తెచ్చుకున్నారు. పరీక్ష చేసే తీరు విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. సన్నగా జల్లించిన మట్టిని నీళ్లతో పిసికి చిన్న ముద్ద చెయ్యాలి. గాజు పలక మీద పెట్టి వేళ్లతో దారంలా పాముతూ పోవాలి. మూడు మిల్లీమీటర్ల సన్నం వచ్చినా తెగకపోతే ఇంకా తడి ఎక్కువుందని అర్థం. మళ్లీ ముద్ద చేసి మళ్లీ పామాలి. వేళ్ల వెచ్చదనానికి తడి కొంచెం కొంచెం ఆరుతుంది. సరిగ్గా మూడు మిల్లీమీటర్ల దగ్గర దారం పగుళ్లు తీసి చితికినప్పుడు ఆపి, తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచి, ఎంత తడి ఉండిందో లెక్కగట్టాలి.

ఇన్ని లక్షల యంత్రాలున్న ఈ కాలంలో, అంత పెద్ద విశ్వవిద్యాలయంలో, ఈ పరీక్షకు పరికరం నీ అరచెయ్యి!

నీ పక్కవాళ్లు దారం ఎప్పుడు ఆపాలో తెలియక తికమకపడుతుంటే, నువ్వు కళ్లు మూసుకుని పామావట. ల్యాబు సారు ఎట్లా తెలిసిందని అడిగితే, మా అమ్మకు తెలుసు సార్ అన్నావట. దమ్ము చేసిన మడిలో నాటుకు ముందు మీ అమ్మ ఇంత బురద తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపి చూసుకుంటుంది. పలచనైతే మొక్క నిలవదు, గట్టిపడితే వేలు దిగదు. నల్లరేగడి ఎప్పుడు పట్టు విడుస్తుందో ఆమె గోళ్ల సందులకు తెలుసు. ఆ తెలివిడి ఆమె పక్కన వంగిన పూటల్లో నీ వేళ్లలోకి దిగింది. ఇప్పుడు దానికి శాతం కట్టావు, పట్టికలో రాశావు, గ్రాఫు గీశావు. మీ అమ్మకు ఫోను చేసి ఆ అంకె చదివి వినిపించావు. "గదే గద నేను చెప్పేది" అందట ఆ తల్లి. ఇంతకు మించిన పట్టభద్రోత్సవం నేను ఊహించలేను.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని బారెడు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పరిస్తే కాలువ పలకలు పైకి లేచి పగులుతాయి. అందుకే నడుమ ఉబ్బని మట్టి పొర ఒకటి వేయాలి. ఎంత మందం, ఏ మట్టి, ఎక్కడి నుంచి తేవాలి అనేదే నీ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా తీసుకుంటానన్నావు. మన డిస్ట్రిబ్యూటరీ కింద చివరి మళ్లకు నీళ్లు అందవని నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. వారబందీ పెట్టి వంతులేసినా, కాలువ చూసే లస్కరు రాత్రంతా తిరిగినా, మీ మడి దాకా వచ్చేసరికి నీళ్లు సన్నగిల్లిపోతాయి. పగుళ్లలో ఎంత ఇంకుతోంది, పూడికలో ఎంత ఆగుతోంది, వాలు ఎక్కడ చెడింది అని కొలవాలన్నావు. పెద్ద కాలువలకు కిలోమీటరుకు సెంటీమీటర్లలో ఉండే వాలు కంటికి కనబడదు. లెవెల్‌కు కనబడుతుంది, లెవెల్‌ను తిప్పే వేళ్లకు కనబడుతుంది. మీ అమ్మ ఇంజనీరు కూతురిని అడిగేది ఒకటే మాట: "ఆఖరి మడికి నీళ్లు ఎప్పుడెక్కుతయి?" ఆ ప్రశ్న ఏ పరీక్ష పేపర్లోనూ రాదు. నువ్వు చదివిన ప్రతి పేజీ దానికోసమే.

వచ్చే ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు నీ తోటివాళ్లతో కొలతలకు వస్తున్నావు కదా. స్టాఫు, రేంజింగ్ రాడ్లు పట్టడానికి మనుషులు తక్కువని మొన్న ఫోన్లో అన్నావు. నేనున్నాను. మన బడి పిల్లలను నలుగురిని తెస్తాను. సర్వేలో దూరాన ఉన్నవాళ్లకు చేతి సైగలతోనే చెబుతారట గదా. కుడిచేతిని మెల్లగా ఊపితే కొంచెం కుడికి, గబగబా ఊపితే ఎక్కువ కుడికి, రెండు చేతులూ తలపైకెత్తి దించితే సరిగ్గా ఉందని. ఎర్రా తెల్లా రంగుల రాడ్డు పట్టుకుని ఎండలో కట్ట మీద నిలబడతాను. నీ చెయ్యి ఎటు చూపిస్తే అటు జరుగుతాను. టోపీ తెచ్చుకో, నీళ్లు నేను తెస్తాను.